పాశం బండ మీది మనిషి

నా చిన్నప్పుడు మా ఊరి బయట ఉన్న పరుపుబండను చూపించి, దాని మీద ఒక మనిషి ఉన్నాడని ఒక పెద్దమనిషికి చెప్పాను. ఆయన నవ్వి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఎంతోమందికి చెప్పాను. అర్జీలు రాశాను, పత్రికలకు రాశాను. జిల్లా చరిత్రను పుస్తకంగా తెస్తున్నామని ప్రకటించిన పెద్దలకు కూడా రాశాను. వాళ్ళు పుస్తకం తెచ్చారు గానీ నాకు జవాబు రాయలేదు. ఆ పుస్తకంలో మా ఊరికి దక్కింది ఒకే ఒక్క వాక్యం. 'చెప్పుకోదగిన విశేషాలు లేవు' అని. నేను మరిచిపోయే రకం మనిషిని కాను. మా ఇంట్లోవాళ్ళు ఈ మాటను పొగడ్తగా అనరు. అయినా బతుకంతా నవలలు రాసినవాడిని, ఒక వాక్యం ఎంత బరువు ఉంటుందో నాకు తెలుసు. కనుక ఇంతవరకూ ఎవరూ కూర్చుని వినని ఆ సంగతిని మొదటి నుంచీ చెబుతాను.

మా ఊరు కడప జిల్లాలో, బద్వేలుకు పోయే దారి పక్కన ఉంటుంది. అప్పట్లో దాన్ని దారి అనడమే గాని రోడ్డు అనడానికి లేదు. బండి చక్రాలు కోసిన రెండు గాళ్ళు, మధ్యలో పల్లేరుకాయలు. ఊరు దాటగానే ఆ దారి పక్కనే పరుపుబండ. పేరుకు తగ్గట్టే అది పైకి లేవకుండా, నేల మీద పరుపు పరిచినట్టు వెల్లకిలా పడుకుని ఉంటుంది. మా ఇంటి కంటే పెద్దది. ఊరివాళ్ళు దాని మీద మిరపకాయలు ఎండబెట్టేవాళ్ళు, కొర్రలు నూర్చుకునేవాళ్ళు. పిల్లలకు అది ఆటస్థలం. పొద్దున పూట మేకలకు అది కూర్చునే అరుగు.

ఆ బండకు ఒక కొసన, కొద్దిగా ఎత్తుగా ఉన్న చోట, ఒక మనిషి బొమ్మ చెక్కి ఉంది. పక్కన ఒక ఎద్దు. మనిషి ఒక చెయ్యి ఎత్తి ఉంటాడు, ఆ చేతిలో కత్తో కర్రో. అతని కాళ్ళ కింద గోళ్ళతో గీరినట్టు కొన్ని వరుసలు. చెక్కడం మరీ లోతు లేదు. నడినెత్తిన ఎండ ఉంటే ఏమీ కనబడదు. పొద్దు వాలి, వెలుతురు బండ మీద అడ్డంగా పాకినప్పుడు మాత్రం నీడ పట్టి మనిషి లేచి వస్తాడు. కాసేపే. మళ్ళీ మసకలో కలిసిపోతాడు. నేను సాయంత్రాలు ఆ మనిషి పక్కన పడుకుని, ఎత్తిన అతని చేతిలో నా చెయ్యి పెట్టి చూసుకునేవాణ్ణి. అతను ఎవరో ఊళ్ళో ఎవరికీ తెలియదు. 'ఆయప్ప' అనేవాళ్ళు, అంతే. నేను మాత్రం మా వంశంలోని వాడే అనుకునేవాణ్ణి. అనుకోవడానికి ఆధారమేమీ లేదు. ఇష్టం ఉంది.

ఆ బండకు ఊరు పెట్టుకున్న పేరు పాశం బండ. వానలు మొహం చాటేసిన ఏడు మా వైపు వరదపాశం పోస్తారు. ఇంటింటికీ తిరిగి బియ్యమో కొర్రలో, ఇంత బెల్లం, ఉన్నవాళ్ళ దగ్గర పాలు ఎత్తుకొచ్చి, బండ పక్కనే పొయ్యి పెట్టి పాయసం వండుతారు. దాన్ని ఆకుల్లో వడ్డించరు. బండ మీదనే కుమ్మరిస్తారు. ఊరు ఊరంతా మోకాళ్ళ మీద వంగి, చేతులు వెనక్కి కట్టుకుని, పశువుల్లా నాలుకతో నాకాలి. నోరులేని జీవాల్లాగా వంగితే పైనున్నవాడికి జాలి పుడుతుందని నమ్మకం. అక్కడ పెద్ద రైతు లేదు, పాలేరు లేదు. తలలన్నీ బండ మీదికి వంగి, వీపులన్నీ ఆకాశం కేసి ఉంటాయి. నాకితే బెల్లం తీపితో పాటు ఇసుక కరకరలాడేది. ఆ రుచి ఇప్పటికీ నా పళ్ళ మధ్య ఉంది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. కరువొచ్చి, ఊళ్ళలో గంజి కేంద్రాలు పెట్టి, వాటిని ఎత్తేసి ఇంకా ఎంతో కాలం కాలేదు. మనుషుల బుగ్గలు ఇంకా పూర్తిగా పూడలేదు. ఆ ఏడు కూడా మబ్బులు పడమటి కొండల మీద తారాడి, మా దాకా రాకుండానే తిరిగిపోతున్నాయి. అటువంటప్పుడు మా ఊరి దారిని కంకర రోడ్డు చేస్తారని కబురొచ్చింది. వెనకాలే గుడిసెల సామాను గాడిదల మీద వేసుకుని రాళ్ళు కొట్టే జనం వచ్చారు. వాళ్ళకొక మేస్త్రి. వాళ్ళ మీద ఒక ఓవర్సియరు.

ఆ రోడ్డు వద్దన్నవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ లేరు. మా నాయన అయితే పండగ చేసుకున్నాడు. వేరుశనగ బస్తాలతో బండి కట్టుకుని బద్వేలు పోతే, వాన పడిన రోజున చక్రం దిగబడి, వాన లేని రోజున ఇరుసు విరిగి, ఏదో ఒక బాధ. కాన్పు కష్టమైన ఆడమనిషిని మంచం మీద మోసుకుపోతూ దారిలోనే పోగొట్టుకున్న ఇల్లు మా వీధిలోనే ఉంది. రోడ్డు కావాలి. అందులో నాకూ పేచీ లేదు. అయితే రోడ్డుకు కంకర కావాలి, కంకరకు రాయి కావాలి. దారి పక్కనే, మోత ఖర్చు లేకుండా, ఇల్లంత రాయి పడుకుని ఉంది. ఓవర్సియరు దాని చుట్టూ సున్నం గీత గీయించాడు. గీత ఆయప్ప తల మీదుగా పోయింది.

ఓవర్సియరు మంచివాడే. ఈ మాట చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. కోస్తా నుంచి వచ్చిన కుర్రవాడు, ఏళ్ళ తరబడి కాలవ నీళ్ళు చూసి పెరిగినవాడు. తల మీద టోపీ, కళ్ళకు దళసరి అద్దాలు, ఒక పాత సైకిలు. మా బడి వసారాలో మకాం. నీళ్ళకు, నిద్రకు, తిండికి మా ఊళ్ళో పడ్డ అవస్థంతా ఆయన మాటల్లో పుల్లగా తగిలేది. నేను సమయం చూసుకోకుండా మిట్టమధ్యాహ్నం ఆయన దగ్గరికి పోయాను.

"సార్, ఆ బండ మీద ఒక మనిషి ఉండాడు. కొట్టొద్దు సార్" అన్నాను.

ఆయన పాపం వచ్చాడు. బండ మీదికి ఎక్కి, నేను చూపించిన చోట నిలబడి, అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని కిందికి చూశాడు. సూర్యుడు సరిగ్గా మా నెత్తిన ఉన్నాడు. బండ మీద నీడ అన్నది లేదు.

"ఎక్కడోయ్ మనిషి? నాకేం కనబడటం లేదే. గీతలున్నాయి, మేకలు గీకి ఉంటాయి" అన్నాడు. నేను వేలితో ఎద్దు కొమ్ము ఎటు పోయిందో గీసి చూపించాను. ఆయన టోపీ సర్దుకుని నవ్వాడు. "మీ ఊళ్ళో ఒక గుడి లేదు, కోట లేదు, చెప్పుకోడానికి ఒక ఏరు లేదు. రాళ్ళు మాత్రం దండిగా పండుతున్నాయి. ఇన్నాళ్ళకు వాటితో పని పడింది. సంతోషించు" అని సైకిలెక్కాడు. ఎదురుగా వస్తున్న మేస్త్రితో ఏదో చెబితే ఇద్దరూ నవ్వారు. ఏం చెప్పాడో వినబడలేదు. నన్ను గురించే అని ఇప్పటికీ నా అనుమానం.

ఆ సాయంత్రం నేను తుమ్మముళ్ళు ఏరుకున్నాను. పొడుగువి, తెల్లవి, గట్టివి. చొక్కా జేబులో పెట్టుకుని, బడి గోడకు ఆనించి ఉన్న సైకిలును తలుచుకుంటూ ఇంటికొచ్చాను. చొక్కా ఉతకడానికి తీసుకున్న మా జేజి చేతికి ముల్లు దిగింది. జేజి అంటే మా నాయన తల్లి. పొట్టి మనిషి. గట్టిగా మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. వేలు నోట్లో పెట్టుకుని చీకుతూ నన్ను కూర్చోబెట్టి సంగతంతా చెప్పించుకుంది. నేను చెప్పిందాంట్లో బండ సంగతి కొంచెమూ, నవ్విన సంగతి ఎక్కువా ఉండి ఉంటుంది.

"ముల్లు గుచ్చితే సైకిలు ఆగుతాది. సుత్తె ఆగుతాదా?" అంది.

"మరి ఏం జేద్దాం జేజీ?"

"కూడు పెడదాం" అంది. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ముళ్ళు మాత్రం పారేయకుండా ఏరి, గూట్లో పెట్టింది. కాల్లో ముల్లు దిగితే తీసుకోవడానికి పనికొస్తాయట.

మరునాడు మా జేజి చేట పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఇంకా అదను మించిపోలేదు కదా, ఇంకో వారం చూస్తే పోదా అన్నారు కొందరు. "వారానికి వాన వస్తాదో రాదో నాకు తెల్దు. బండ మాత్రం ఉండదు. పాశం యాడ పోస్తాం, నీ నెత్తిన పోద్దామా?" అని మా పక్కింటి అక్కను అడిగింది. ఆ అక్క నవ్వుతూ దోసెడు బియ్యం పోసింది. మా నాయనకు ఈ వ్యవహారం నచ్చలేదు. "అమ్మా, రోడ్డు పనికి అడ్డం పడినట్టు అయితాది. ఆ ఓవర్సియరు కోపం జేసుకుని సామాను ఎత్తుకుని పోతే మళ్ళా ఎవురొస్తారు మన ఊరికి?" అన్నాడు. అందులో నిజం ఉంది. మా జేజి కాదనలేదు. "నేను అడ్డం యాడ పడతాండా? పాశం పోస్తాండా" అని చేట ఎత్తుకుంది.

ఊరిళ్ళన్నీ అయ్యాక ఆమె వెనక్కి తిరగలేదు. వంక గట్టున ఉన్న రాళ్ళు కొట్టేవాళ్ళ గుడిసెలకేసి నడిచింది. నేను కొంగు పట్టుకుని వెనకాలే ఉన్నాను. వరదపాశం ఊరివాళ్ళ పని. పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళను అందులో కలపడం ఎన్నడూ లేదు. మేస్త్రి భార్య పొయ్యి ముందు నుంచి లేచి నిలబడింది.

"మమ్మల్ని గూడా కలుపుతారా అవ్వా?" అంది.

"వాన పడితే మీ గుడిసె మీద పడకుండా పక్కన్నించి పోతాదా ఏమి?" అంది మా జేజి. ఆమె లోపలికి పోయి, పిడికెడు కొర్రలు తెచ్చి చేటలో పోసింది. అన్ని ఇళ్ళ బియ్యం మీద ఆ పచ్చటి గింజలు విడిగా కనబడ్డాయి. మా జేజి వాటిని కలిపేయలేదు.

మేస్త్రి గుడిసె పక్కన సమ్మెట పిడి చెక్కుకుంటూ ఇదంతా చూస్తున్నాడు. పెద్దవాడు, తెల్ల మీసాలు, రాతి పొడి ఎంత కడిగినా పోని చేతులు. "అవ్వా, నిజం జెప్పు. నువ్వొచ్చిండేది పాశం కోసరమా, బండ కోసరమా?" అని అడిగాడు.

"రెండూ ఒగటే గదప్పా" అంది మా జేజి.

అతను నవ్వాడు గానీ, ఆ నవ్వు నిన్నటి నవ్వు కాదు.

పాశం రోజున పొద్దున్నే బండ పక్కన మూడు పొయ్యిలు వెలిగాయి. ఆ రోజు నుంచే బండ కొట్టడం మొదలుపెట్టాలని ఓవర్సియరు ఆజ్ఞ. ఆయన సైకిలు మీద వచ్చేసరికి సమ్మెటలు ఒక పక్కన వరుసగా పెట్టి ఉన్నాయి, వాటిని పట్టుకోవలసిన మనుషులు స్నానాలు చేసి పిల్లలతో సహా బండ చుట్టూ కూర్చుని ఉన్నారు. ఊరు ఊరంతా ఉంది. పాయసం ఉడుకుతున్న వాసన గాలికి పొలాల దాకా పోతోంది.

"ఏంటిది? పని మానేసి తిరనాళ్ళా?" అన్నాడాయన. మేస్త్రి లేచి నిలబడ్డాడు. మా జేజి ముందుకొచ్చింది.

"నాయనా, రోడ్డు మీద కంకర పరిచి రోలరు తోలితే నీళ్ళు పొయ్యల్ల గదా. నీళ్ళు యాడనుంచి తెస్తావు?"

"సగిలేరు చెలమల నుంచి తోలించాలి మామ్మా. బళ్ళు మాట్లాడాను" అన్నాడు. ఆ చెలమలు ఎంత లోతుకు పోయాయో అందరికీ తెలుసు. ఆయనకు ఇంకా బాగా తెలుసు.

"అట్లయితే వాన మాకన్నా ముందు నీకే గావాల. నువ్వు గూడా ఒంగల్ల" అంది.

ఆయన చుట్టూ చూశాడు. కోపగించుకుంటే ఆ రోజు బండ కొట్టించగలిగేవాడు. మా నాయన భయమూ అదే. గుంపులో నుంచి ఎవరో, "పోనీలే అత్తా, బలవంతం జేయొద్దు. సారుది కాలవ కింది నడుము, ఒంగదు" అన్నారు. జనం గొల్లుమన్నారు. ఓవర్సియరు మొహం ఎర్రబడింది, ఆ తరువాత ఆయనా నవ్వేశాడు. టోపీ తీసి సైకిలు హ్యాండిలుకు తగిలించాడు. అద్దాలు తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లాగు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని, వచ్చి నా పక్కనే కూర్చున్నాడు. నేను కొంచెం అవతలికి జరిగాను.

ఎప్పుడు పోసినా పాశాన్ని బండకు పల్లపు వైపున పోస్తారు. అక్కడ నునుపుగా, అన్నం తినే తట్టలా ఉంటుంది. ఆ ఏడు మా జేజి పాయసం గుండిగ పట్టినవాళ్ళను ఎత్తువైపుకు, ఆయప్ప ఉన్న వైపుకు రమ్మంది. ఎవరో అడ్డం చెప్పారు. "ఆయప్పకు గూడా ఎన్నేండ్లాయనో కూడు పెట్టి. ఈ ఏడు ఈడ పోద్దాం" అంది. పాయసం పాలు ఎక్కువై తెల్లగా ఉంది. ఆయప్ప తల మీదుగా పోస్తే ఎద్దు మీదుగా, కాళ్ళ కింది గీతల మీదుగా నిదానంగా పాకి నిలిచింది. చేతులు వెనక్కి కట్టుకున్నాం. వంగాం.

అటువంటప్పుడు ఎవరూ మాట్లాడరు. నాలుకల చప్పుడు, పిల్లల పొలమారిన దగ్గు, అంతే. ఒక పక్కన మేస్త్రి చిన్నకొడుకు, ఒక పక్కన ఓవర్సియరు, మధ్యలో నేను. మొదట ఆయన పెదవులతో అంటీ అంటనట్టు తాకాడు. తరువాత ఆకలి వేసిందో, తీపి పట్టిందో, అందరిలాగానే నాకడం మొదలుపెట్టాడు. ముఖం బండకు జానెడు దూరంలో ఉంది. నేను క్రీగంట ఆయననే చూస్తున్నాను, అందుకే ఆయన ఆగిపోయిన క్షణం నాకు తెలిసింది.

బండ పైభాగాన్ని మా నాలుకలు శుభ్రం చేస్తున్నాయి. చెక్కిన గాళ్ళలోకి దిగిన పాయసం మాత్రం నాలుకకు అందక అక్కడే ఉండిపోయింది. నల్లటి బండ మీద తెల్లటి గీత. ముందు ఎద్దు కొమ్ము వచ్చింది. తరువాత ఎత్తిన చెయ్యి, ఆ చేతిలో కత్తి. అది కర్ర కాదు, కత్తేనని నాకు ఆ రోజే తెలిసింది. అతని కాళ్ళ కింద, మేకలు గీకాయన్న చోట, ఒకదాని పక్కన ఒకటి గుండ్రంగా, ముగ్గు వేసినట్టు అక్షరాలు తేలాయి. నడినెత్తిన ఎండలో, నీడ అక్కర లేకుండా, ఆయప్ప ఊరందరి ముందూ లేచాడు. దూరం చూడలేని కళ్ళకు దగ్గరివి అద్దాలు లేకుండానే బాగా కనబడతాయని నాకు అప్పుడు తెలియదు. ఓవర్సియరు చేతులు వాటంతటవే విడిపోయాయి. వేలితో ఒక అక్షరం వెంట పోబోయాడు.

"చేతులు ఎనక్కి నాయనా" అంది మా జేజి.

"మామ్మా, ఇక్కడ అక్షరాలున్నాయి."

"ఉంటాయిలే. ముందు నాకు."

జనం మళ్ళీ నవ్వారు. ఆయన నిజంగానే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. అందరూ లేచి మూతులు తుడుచుకున్నాక కూడా ఆయన అక్కడే మోకాళ్ళ మీద ఉన్నాడు. మా బడిలో నేర్పే అక్షరాలకు అవి చుట్టాలని తెలుస్తోంది గానీ, చదవడానికి లొంగడం లేదు. రెండు మూడు అక్షరాలు కూడబలుక్కుని, తల అడ్డంగా ఆడించి, "పాత తెలుగు. చదివేవాళ్ళు వేరే ఉంటారు" అన్నాడు.

అప్పుడు మేస్త్రి వచ్చి ఆయన ముందు నిలబడ్డాడు. "సార్, ఈ బండ మీద నేనూ, నా పెండ్లాం పిల్లోల్లూ కూడు తింటిమి. తిన్న తట్టను పగలగొట్టేటోడు యాడన్నా ఉంటాడా? వేరే బండ చూపీ. ఎంత గట్టిదైనా సరే, కొడతాం" అన్నాడు. ఓవర్సియరు మేస్త్రిని చూశాడు, మా జేజిని చూశాడు. ఆమె ఖాళీ గుండిగ గోకుతోంది.

కంకరకు గుట్ట వెనక వేరే బండ దొరికింది. మోత దూరం పెరిగింది. రోడ్డు ఆలస్యమైంది. ఆ ఆలస్యంలో మా నాయన బండి ఇరుసు మరొకసారి విరిగింది. తన చివరి రోజుల దాకా ఆయన ఆ ఇరుసును తలుచుకునేవాడు. అందుచేత ఈ గుణం నాకు ఎక్కడినుంచి వచ్చిందో వెతకవలసిన పని లేదు. అయితే రోడ్డు పడింది, బండా మిగిలింది. వాన మాత్రం ఆ వారం రాలేదు, ఆ పక్షమూ రాలేదు. ఈ కథను పెళ్ళిళ్ళలో చెప్పేవాళ్ళు గుండిగలు కడగక ముందే ఉరిమిందని చెబుతారు. అబద్ధం. నేను ఉన్నాను. ఆకాశం నీలంగా, నిశ్చింతగా ఉంది.

ఆ సాయంత్రం నేను మా జేజిని అడిగాను, అక్షరాలు అట్లా తేలుతాయని నీకు ముందే తెలుసా అని. "నాకు అక్షరాలు యాడ తెలుసురా" అంది. కాసేపటికి తనే చెప్పింది. ఆమె కొత్త కోడలిగా వచ్చిన ఏడు కూడా వరదపాశం పోశారట. ముందు వరసలో చోటు లేక, ఎత్తువైపున కొసకు నెట్టేస్తే అక్కడికి పారిన కొంచెం పాయసాన్ని ఒక్కతే నాకిందట. అప్పుడు ఆయప్ప ముఖం ఆమె ముఖానికి ఎదురుగా కనబడిందట. "అప్పుడే అందరికీ జెప్పినా. ఎవురు యిన్యారు? కొత్త కోడలి మాట" అంది. ఆ మాటలో కోపం లేదు. అన్నేళ్ళు ఆ సంగతిని ఆమె లోపల దాచుకుని, అవసరం వచ్చిన రోజున బయటికి తీసింది. నేనైతే అన్నేళ్ళూ సణుగుతూ ఉండేవాణ్ణి.

ఓవర్సియరు వెళ్ళేటప్పుడు నన్ను పిలిచి, నువ్వు చెప్పిందే నిజమోయ్ అన్నాడు. క్షమించమని అనలేదు. నేను గమనించాను. కర్నూలుకు రాస్తాను, శాసనాలు చదివేవాళ్ళు వచ్చి నకలు తీసుకుని చదువుతారు అని మాట ఇచ్చాడు. రాశాడనే నమ్ముతున్నాను. ఎవరూ రాలేదు. తరువాత ఆయనకు బదిలీ అయింది. ఆ తరువాత కర్నూలు నుంచి రాజధానికే బదిలీ అయింది. ఇక మా బండ ఎవరికి గుర్తుంటుంది?

నేను పెద్దవాణ్ణై మొదటి నవల రాసినప్పుడు అందులో ఆ నవ్వుకు జవాబు చెప్పాను. మా ఊరికి గుడి లేదన్నవాడికి, రాళ్ళు తప్ప ఏముందన్నవాడికి, పేజీలకు పేజీలు. కరువులో మేం పడ్డ బాధలన్నీ వరుసగా పెట్టి, ఇప్పుడేమంటావు అని నిలదీశాను. ఆ నవలను అచ్చువేసేవాళ్ళు తిప్పి పంపారు. పంపినవాళ్ళందరూ నాకు గుర్తున్నారు. వాళ్ళను తిట్టుకుంటూ చాలాకాలం గడిపాక, ఒక వేసవిలో ఊరికి పోయి పాశం బండ మీద కూర్చుని ఆ రాతప్రతిని మళ్ళీ చదివాను. అందులో అన్నీ ముళ్ళే. ఒక్క మెతుకు లేదు. సైకిలు ఆగుతుందేమో గాని సుత్తె ఆగదు.

మళ్ళీ మొదటి నుంచి రాశాను. ఈసారి మిరపకాయలు ఎండబెట్టడం రాశాను. ఎండిన మిరప గుట్ట మీద నడిచి వచ్చిన మేక ఎట్లా తుమ్ముతుందో రాశాను. బండి ఇరుసు విరిగితే మా నాయన ముందు ఎద్దుల్ని విప్పి, నీళ్ళు పెట్టి, ఆ తరువాతే తిట్టడం మొదలుపెట్టడం రాశాను. అది అచ్చయింది. ఎక్కడో కాలవల కింద ఊళ్ళో ఉన్న ఒకావిడ, మీ బండ మీద మేం కూడా మిరపకాయలు ఎండబెట్టినట్టుంది అని రాసింది. ఆవిడ వంగింది. నేనేమీ అడగలేదు. అప్పటినుంచి నా రాత పని ఇదే. చదివేవాడు నిలబడి చూస్తే మా దేశంలో గీతలు తప్ప ఏమీ కనబడవు. వాడికి ఇంత తినడానికి పెట్టాలి, ముఖం నేలకు జానెడు దూరానికి వచ్చేట్టు చెయ్యాలి. మిగతాది మా నేలే చూపించుకుంటుంది. మంచి పేజీ రాసిన రోజున నా పళ్ళ మధ్య ఇసుక కరకరలాడుతుంది. అదే నాకు గుర్తు.

ఇక్కడితో ఆపేసి ఉంటే నేను మా జేజికి తగ్గ మనవణ్ణి అయి ఉండేవాణ్ణి. కానీ ఈ మధ్య ఊరికి పోతే, ఆ కంకర రోడ్డును మళ్ళీ వెడల్పు చేస్తున్నారు. బండ మీద ఈసారి సున్నం కాదు, ఎర్ర రంగు గీత. మళ్ళీ ఆయప్ప తల మీదుగానే పోయింది. ఇప్పుడు వచ్చేది మేస్త్రి కాదు, యంత్రం. యంత్రానికి పాశం పెట్టలేను, దానికి నాలుక లేదు. రోడ్డు వద్దని నేను ఇప్పుడూ అనను. మా నాయన కొడుకును.

నేను అడిగేది ఒక్కటే. చెప్పుకోదగిన విశేషాలు లేవని మా ఊరిని గురించి రాసిన పెద్దలారా, మీలో పాత అక్షరాలు చదవగలిగినవాళ్ళు ఉన్నారు. రండి. బియ్యం, బెల్లం, పాలు నేను చూసుకుంటాను. మా పక్కింటి అక్క మనవరాలు వండుతుంది. టోపీ ఉంటే తీసి పక్కన పెట్టండి, చేతులు వెనక్కి కట్టుకోండి, మోకాళ్ళ మీద వంగండి. రాలేకపోతే రాలేమని రాయండి, అది కూడా జవాబే. మా జేజి చెబితే వినలేదు, నేను చెబితే వినలేదు. ఎద్దు పక్కన కత్తెత్తి ఇన్నేళ్ళుగా నిలబడి, మా అందరి చేతా ముద్ద తిన్న ఆ మనిషి ఎవరు? యంత్రం రాకముందు నాకు ఎవరో ఒకరు చెప్పండి.